టీవీ వంటల కార్యక్రమాలు: ఖర్చు చూసుకుని వండేవారికి ఏవి పనికొస్తాయి?

టీవీలో వంట అరగంటలో ముగుస్తుంది. చూస్తున్నంతసేపూ మనమూ చేయగలమనిపిస్తుంది. లేచి వంటింట్లోకి వెళ్లి చూస్తే, చెప్పిన పన్నెండు సరుకుల్లో ఇంట్లో ఉన్నవి అయిదే. మిగతా ఏడూ కొనాలా, ఆ వంటే మానుకోవాలా? నెలకు ఇంత అని లెక్కపెట్టుకుని వండేవారికి ఇది చిన్న ప్రశ్న కాదు. వారానికి రెండుసార్లు ఎదురైతే నెలాఖరుకు సరుకుల ఖర్చు ఎక్కడ పెరిగిందో కూడా తెలియదు.

వంట రాని రోజుల్లో నాకు చేయి తిప్పడం నేర్పింది టీవీయే. అందుకే ఈ కార్యక్రమాల మీద నాకు చిన్నచూపు లేదు. ఒక్కసారి మూత తీసి వదిలేసిన సీసాలు నా అలమారలో పేరుకుపోవడానికి కారణమూ అవే. ఈ రెండు అనుభవాల నుంచి నాకు తేలింది ఇది: కార్యక్రమాన్ని చేతిపని నేర్చుకోవడానికి చూడాలి, సరుకుల చీటీ రాసుకోవడానికి కాదు. అయితే అన్ని రకాల కార్యక్రమాలూ చేతిపనిని ఒకేలా నేర్పవు. ఎంచుకోవాల్సింది అక్కడే.

## దేన్ని బట్టి తూచాలి

అన్నిటికంటే ముందు చూడాల్సింది, వంట అయ్యాక ఏం మిగిలిందన్నది. "ఒక్కో పళ్లేనికి ఖర్చు ఇంతే" అని తెర మీద అంకె వేసేటప్పుడు, వాడిన ఒక చెంచా సాస్‌కే లెక్క కడతారు. అంగడిలో చెంచా సాస్ అమ్మరు, సీసా అమ్ముతారు. ఇరవై చెంచాల సీసాలో ఒక చెంచా వాడితే మిగతా పందొమ్మిది చెంచాల డబ్బు కూడా ఆ పూటే చేతిలోంచి పోయినట్టు. ఆ సీసాను మళ్లీ మళ్లీ వాడితే ఆ ఖర్చు చాలా పూటల మీద సర్దుకుంటుంది. వాడకపోతే ఆ ఒక్క వంటకే సీసా మొత్తం ధర పడుతుంది. ఆకుకూర కట్ట, మీగడ డబ్బా, సగం కోసిన కూరగాయ అయితే సీసాలా నెలల తరబడి ఆగవు. వాటికి రెండు మూడు రోజులే గడువు.

ఇది ఒక్క మన ఇంటి సంగతే కాదు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా అంగళ్లలో, హోటళ్లలో, ఇళ్లలో కలిపి సుమారు 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో 60 శాతం ఇళ్లలోనే. కాబట్టి ఏ కార్యక్రమాన్ని చూసినా నేను మొదట అడిగేది ఇదే: మిగిలిన సరుకును రేపు ఏం చేయాలో ఇది చెబుతుందా?

రెండోది సమయం. ఉల్లిపాయలు ముదురు గోధుమ రంగులోకి వచ్చి తియ్యబడాలంటే సన్నని సెగ మీద అరగంట నుంచి ముప్పావు గంట పడుతుంది. తెర మీద అదే పని అయిదు నిమిషాల్లో అయిపోయినట్టు కనబడుతుంది. అది నిజమని నమ్మి నేను చాలా రోజులు మంట పెంచి వండాను. అంచులు మాడేవి, మధ్యలో పచ్చిగా ఉండేవి, ఉల్లిపాయలూ నూనే రెండూ పారేయాల్సి వచ్చేది. తప్పు నా చేతిలో ఉందనుకున్నాను. నాకు అందిన లెక్కే తప్పని చాలా ఆలస్యంగా తెలిసింది. "ఇదిగో, ముందే చేసి పెట్టుకున్నది" అంటూ రెండో గిన్నె పైకి తీసిన ప్రతిసారీ ఆ మధ్య సమయం ఎంతో చెప్పే కార్యక్రమం నిజాయితీ గలది.

మూడోది పరికరాలు, ఇంధనం. సరుకుల ధర చెప్పే కార్యక్రమాలు కూడా ఓవెన్ రెండు గంటలు వెలిగితే అయ్యే కరెంటు ఖర్చు చాలావరకు చెప్పవు. నాలుగోది, కారణం చెబుతుందా లేదా అన్నది. కారణం తెలిసినవారు లేని సరుకును వదిలేసి మరొకటి వేయగలరు. తెలియనివారు చీటీలో ఉన్నదంతా కొనాల్సిందే.

## ఒకరే నిలబడి వండి చూపేవి

టీవీ వంటల్లో పాతకాలపు పద్ధతి ఇది. బ్రిటన్‌లో బీబీసీ 1946లో ఫిలిప్ హార్బెన్‌తో వంటల కార్యక్రమం మొదలుపెట్టింది. అప్పటికి యుద్ధం ముగిసినా ఆహార రేషన్ ముగియలేదు. ఆ రేషన్ 1954 దాకా సాగింది. చూసేవారికి గుడ్లూ వెన్నా లెక్కపెట్టి దొరికే రోజుల్లోనే అక్కడ ఈ కార్యక్రమాలు మొదలయ్యాయని నేను తరచూ గుర్తు చేసుకుంటాను. టీవీ వంటకూ పొదుపుకూ పుట్టుకతో వచ్చిన విరోధమేమీ లేదు.

అమెరికాలో 1963లో మొదలైన జూలియా చైల్డ్ కార్యక్రమంలో పెద్దగా కత్తిరింపులు ఉండేవి కావు. ఒకసారి బంగాళాదుంపల అట్టు తిప్పబోతే పెనం దాటి పడిపోయింది. ఆమె దాన్ని తీసి మళ్లీ పెనంలో సర్దుకుని ముందుకు సాగారు. కొత్తగా వండేవారికి ఇంతకంటే విలువైన పాఠం అరుదు. పడిపోయింది, చెదిరిపోయింది అని వంటను పారేయడం కూడా ఖర్చే. చెడినదాన్ని సరిదిద్దడం చూసినవారు తక్కువ పారేస్తారు.

బ్రిటన్‌లో డెలియా స్మిత్ 1998లో గుడ్డు ఉడకబెట్టడం నుంచి మొదలుపెట్టి పాఠాలు చెప్పారు. అంత తేలికైనదాన్ని టీవీలో నేర్పాలా అని కొందరు విమర్శించారు. నా ఉద్దేశంలో అక్కడి నుంచి మొదలుపెట్టడమే సరైన పని. గుడ్డు, బియ్యం, బంగాళాదుంప సరిగ్గా వండటం వచ్చినవారికి వారంలో సగం పూటలు గడిచిపోతాయి. కానీ ఆవిడ కార్యక్రమాల్లోనే ఈ పద్ధతికున్న ప్రమాదమూ కనబడుతుంది. ఆవిడ వాడిన సరుకో పెనమో మర్నాటికి అంగళ్లలో ఖాళీ అయ్యేది. ఆ పరిణామానికి "డెలియా ఎఫెక్ట్" అన్న పేరు స్థిరపడింది. వండే మనిషి మీద నమ్మకం కుదిరితే ఆవిడ చేతిలోని వస్తువు మీద కూడా నమ్మకం కుదురుతుంది. ఆ పెనం లేకుండా ఆ వంట కాదనిపిస్తుంది. చాలాసార్లు అవుతుంది.

ఈ రకంలో ఒక సరుకును పట్టుకుని దాని చుట్టూ నాలుగు వంటలు చూపే భాగాలు ఎంచుకోండి. రోజుకో కొత్త వంట, రోజుకో కొత్త చీటీ ఉండేవాటిని తీరిక ఉన్నప్పుడు చూసి ఆనందించండి.

## కారణం వివరించేవి

డబ్బు చూసుకుని వండేవారు ఒక్క రకమే చూడగలిగితే నేను చెప్పేది ఇది. అమెరికాలో 1990ల చివర ఆల్టన్ బ్రౌన్ మొదలుపెట్టిన కార్యక్రమం దీనికి మంచి ఉదాహరణ. ఒక్కో భాగంలో ఒక సరుకునో పద్ధతినో తీసుకుని, అది అలా ఎందుకు వండుతారో విడమరచి చెప్పేవారు. ఒకే ఒక్క పనికి పనికొచ్చే పరికరాలంటే ఆయనకు పడదు. వంటింట్లో అలాంటిది ఒక్కటే ఉండొచ్చు, అది మంటలార్పే సాధనం అని ఆయన మాట. పొదుపు పేరు ఎత్తకుండానే చెప్పిన గొప్ప పొదుపు సలహా ఇది.

కారణం తెలిస్తే డబ్బు ఎలా మిగులుతుందో చూడండి. కూరగాయ ముక్కలు గోధుమ రంగులోకి మారి కమ్మని వాసన రావాలంటే వాటి పైభాగం వేడి 140 డిగ్రీల సెల్సియస్ దాటాలి. నీరు 100 డిగ్రీలకే మరుగుతుంది. పెనం నిండా ముక్కలు కుక్కితే వాటిలోంచి ఊరిన నీరు ఆవిరయ్యే వరకు వేడి అక్కడే ఆగిపోతుంది, ముక్కలు వేగకుండా ఉడుకుతాయి. ఈ సంగతి తెలిసినవారు ఖరీదైన పెనం కొనరు. ఉన్న పెనంలోనే రెండు విడతలుగా వేయిస్తారు.

ఎండు గింజల సంగతి ఇంకా ముఖ్యం, ఎందుకంటే తక్కువ ధరకు మాంసకృత్తులు దొరికేది వాటిలోనే. డబ్బాల్లో ఉడికించి అమ్మే గింజలకంటే ఎండు గింజలు సాధారణంగా చవక, నీళ్లు పీల్చి రెట్టింపుకు పైగా బరువు తూగుతాయి. టీవీలో ఎక్కువగా డబ్బా గింజలే కనబడతాయి, కార్యక్రమానికి అంత వ్యవధి ఉండదు కాబట్టి. కారణం వివరించేవారు రెండు విషయాలు చెబుతారు. పులుపు ముందే వేస్తే గింజ మెత్తబడటం ఆలస్యమవుతుంది, కాబట్టి టమాటాలు, నిమ్మరసం గింజ ఉడికాకే వేయాలి. రెండోది ఆరోగ్యానికి సంబంధించినది. రాజ్మా వంటి ఎర్ర గింజల్లో సహజంగా ఒక విషపదార్థం ఉంటుంది. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం 10 నిమిషాలు తెర్లకాగనివ్వాలి. సన్నని సెగ మీద గంటల తరబడి వండే కరెంటు కుక్కర్లలో అంత వేడి రాకపోవచ్చు. వాటిలో వేసేముందు విడిగా మరిగించడం తప్పనిసరి.

ప్రెషర్ కుక్కర్ కొనాలా వద్దా అన్నదీ ఇక్కడే తేలుతుంది. మూత బిగించి ఒత్తిడి పెంచితే లోపలి నీరు 120 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. గంటకు పైగా ఉడకాల్సిన గింజలు అందులో సగానికంటే తక్కువ సమయంలో ఉడుకుతాయి, ఇంధనమూ ఆ మేరకు తగ్గుతుంది. టీవీలో చూసి కొన్న వస్తువుల్లో ధరకు తగ్గ పని చేసినది ఏదని అడిగితే నేను దీన్నే చెబుతాను.

ఈ రకానికీ ఒక లోటుంది. ఓపిక కావాలి. అలసిపోయి ఇంటికి వచ్చి "ఈ పూటకేం చేయాలి" అని అడిగితే ఇది జవాబివ్వదు.

## పోటీ కార్యక్రమాలు

ఇవి ఉత్సాహంగా ఉంటాయి, కాదనను. 1993లో జపాన్‌లో మొదలైన ఐరన్ షెఫ్‌లో ఒకే ప్రధాన సరుకుతో గంటలో అనేక వంటకాలు చేసేవారు. 1990లో బ్రిటన్‌లో మొదలైన మాస్టర్‌షెఫ్ తర్వాత ఎన్నో దేశాలకు పాకింది. అయితే పోటీ కార్యక్రమంలో సరుకుల గది ఎప్పుడూ నిండుగా ఉంటుంది, గడియారం ఎప్పుడూ తరుముతుంటుంది. ఇంట్లో గడియారం తరుముతుందేమో గానీ సరుకుల అర మాత్రం నిండుగా ఉండదు. మధ్యలోని మెత్తని భాగం తీసి పళ్లెంలో పేర్చడం చూస్తాం. చుట్టూ కోసేసినది ఎక్కడికి వెళ్లిందో చూడం.

మెచ్చుకోదగ్గవి రెండున్నాయి. బీబీసీలో 1994లో మొదలైన రెడీ స్టెడీ కుక్‌లో తక్కువ మొత్తంతో కొన్న సరుకుల సంచి ఇచ్చి 20 నిమిషాల్లో వండమనేవారు. సంచిలో ఏముందో చూసి వంట నిర్ణయించుకోవడం, రోజూ వండేవారు నిజంగా చేసే పని. 2010లో మొదలైన గ్రేట్ బ్రిటిష్ బేక్ ఆఫ్‌లో ఒక విడతలో సగం వివరాలే ఉన్న వంటవిధానం ఇస్తారు. మిగతాది అనుభవంతో పూరించుకోవాలి. వంట నిజంగా వచ్చిందా, చీటీ చదవడమే వచ్చిందా అన్నది అక్కడ తేలిపోతుంది.

## ఊళ్లు తిరుగుతూ రుచులు చూపేవి

మనసుకు హాయి. వంట నేర్చుకోవడానికి కాదు. దీని గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

## పొదుపు వంట పేరుతోనే వచ్చేవి

పేరు చూసి ఇవే సరైనవనుకుంటాం. చాలావరకు నిజమే. 2013లో బ్రిటన్ వంటగాడు జేమీ ఆలివర్ తన పొదుపు కార్యక్రమంలో వాడిన పద్ధతి నాకు నచ్చింది: సెలవు రోజున ఒక పెద్ద వంట చేసి, మిగిలినదాన్ని తర్వాతి రోజుల్లో వేర్వేరు వంటలుగా మార్చడం. మిగిలిన సరుకు గురించి నేను మొదట అడిగిన ప్రశ్నకు ఇది నేరుగా జవాబు.

జాగ్రత్తలు కూడా ఉన్నాయి. చెప్పే ధరలు చిత్రీకరించిన చోటివి, ఆ ఏటివి. మీ దగ్గర అదే సరుకు ఖరీదైనది కావచ్చు. నూనె, ఉప్పు, మసాలాలు ఇంట్లో ఉన్నట్టే లెక్కిస్తారు, కొత్తగా కాపురం పెట్టినవారికి అవన్నీ మొదటి నెల ఖర్చే. పెద్ద వంట చేయాలంటే ఒకేసారి ఎక్కువ డబ్బు చేతిలో ఉండాలి, ఫ్రిజ్‌లో చోటుండాలి. రోజుకూలీ మీద బతికేవారికి, ఫ్రిజ్ లేనివారికి ఇది పొదుపు కాదు. ఆ మాట ఆ కార్యక్రమాల్లో గట్టిగా వినబడకపోవడం నన్ను బాధిస్తుంది.

మిగిలినదాన్ని దాచే పద్ధతి కూడా తెర మీద అరుదుగా చెబుతారు. వండినది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. 5 నుంచి 60 డిగ్రీల మధ్య హానికర సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. పెద్ద గిన్నెలో ఉంచితే మధ్యలో వేడి గంటలకొద్దీ నిలుస్తుంది కాబట్టి వెడల్పాటి చిన్న గిన్నెల్లోకి తీయాలి. అన్నం విషయంలో మరింత జాగ్రత్త: బయట వదిలేసిన అన్నంలో పుట్టే ఒక రకం విషం మళ్లీ వేడి చేసినా పోదు. ఫ్రిజ్‌లో దాచిన మిగతా వంటలను మూడు నాలుగు రోజుల్లో తినేయాలి, తినేముందు లోపలి దాకా పొగలు వచ్చేట్టు వేడి చేయాలి.

## పుస్తకం, ఫోనులో చిన్న వీడియోలు

టీవీ వద్దనుకునేవారికి ఇవి రెండే దారులు. పుస్తకంలో సరుకుల జాబితా ముందే కనబడుతుంది. లేనివి ఎన్నో చూసుకుని పేజీ తిప్పేయొచ్చు, డబ్బు విషయంలో ఇది పెద్ద సౌకర్యం. కానీ పిండి ఎంత మెత్తగా ఉండాలో పుస్తకం చూపలేదు. ఫోను వీడియోను ఆపి, వెనక్కి తిప్పి చూడొచ్చు. అయితే ఒక నిమిషంలో ముగిసే వీడియోల్లో సమయం విషయంలో టీవీకంటే ఎక్కువ దాపరికం ఉంటుంది.

## ఒక్కచోట చూస్తే

| రకం | మిగిలే సరుకు | సమయం చెప్పడం | పరికరాలు | నేర్చుకునేది |
|---|---|---|---|---|
| ఒకరే వండి చూపేవి | చెప్పేవారిని బట్టి | కొంత దాస్తాయి | కొనాలనిపిస్తాయి | చేతి కదలికలు |
| కారణం వివరించేవి | తక్కువ | నిజాయితీగా | ఉన్నవి చాలు | మార్చుకుని వండటం |
| పోటీలు | పట్టించుకోవు | నమ్మలేం | ఖరీదైనవి | సంచి చూసి వంట ఎంచుకోవడం |
| ఊళ్లు తిరిగేవి | వర్తించదు | వర్తించదు | వర్తించదు | రుచుల పరిచయం |
| పొదుపు వంటలు | బాగా చెబుతాయి | పరవాలేదు | మామూలువే | మిగిలినది మార్చడం |
| పుస్తకం | ముందే తెలుస్తుంది | తరచూ తక్కువ చెబుతుంది | ముందే తెలుస్తుంది | కొలతలు |
| చిన్న వీడియోలు | చెప్పవు | ఎక్కువగా దాస్తాయి | మారుతుంటాయి | ఒక్కో కిటుకు |

## మీరు ఎవరన్నదాన్ని బట్టి

ఇప్పుడే వంట మొదలుపెట్టినవారు ఒకరే వండి చూపే కార్యక్రమాల్లో మొదటి పాఠాలు చూడండి. కత్తి పట్టుకోవడం, సెగ తగ్గించే సమయం, గుడ్డు ఉడికే తీరు మాటలకంటే కంటికే త్వరగా అందుతాయి. ఈ దశలో పొదుపు కార్యక్రమాల జోలికి వెళ్లకపోవడమే మంచిది. మిగిలినదాన్ని మార్చి వండటానికి కాస్త చేయి తిరిగి ఉండాలి.

ఒంటరిగా ఉండేవారికి లెక్క వేరు. చాలా కార్యక్రమాలు నలుగురికి వండుతాయి. అన్నీ నాలుగో వంతుకు తగ్గిస్తే సరిపోతుందనుకుంటాం, కానీ అంగడిలో పొట్లం నాలుగో వంతు దొరకదు. పూర్తి కొలతలో వండి మూడు పూటలకు దాచుకోవడమా, చిన్న కొలతలో వండి సరుకును వేరే వంటలకు మళ్లించడమా తేల్చుకోవాలి. ఫ్రిజ్ ఉంటే మొదటిది, లేకపోతే రెండోది. రెండోదానికి కారణం వివరించే కార్యక్రమాలే దిక్కు.

పిల్లలున్న ఇంట్లో కొత్త వంట పెద్ద పందెం. వారు తినకపోతే సరుకూ శ్రమా రెండూ పోతాయి. వారికి అలవాటైన వంటలో ఒక్క మార్పు చేయడం నేర్పేదే ఎంచుకోండి. పోటీ కార్యక్రమాలు పిల్లలతో కలిసి చూస్తే వంట మీద ఆసక్తి పుడుతుంది, ఆ మేలు వాటికి దక్కాలి. మర్నాడు అదే చేసిపెట్టమంటారు, దానికి సిద్ధంగా ఉండండి.

ఒకే పొయ్యి ఉన్నవారు, ఓవెన్ లేనివారు చూడటం మొదలుపెట్టిన మొదటి రెండు నిమిషాల్లో ఎన్ని పొయ్యిలు ఒకేసారి వెలుగుతున్నాయో లెక్కపెట్టండి. మూడు దాటితే ఆ వంట మీ ఇంట్లో చాలా ఎక్కువ సమయం తీసుకుంటుంది.

ఏళ్లుగా వండుతూ విసుగొచ్చినవారికి మాత్రం నా సలహా తారుమారవుతుంది. మీకు పద్ధతులు తెలుసు, ఏది దేనికి బదులు వేయాలో తెలుసు. పోటీలైనా, ఊళ్లు తిరిగేవైనా చూడండి. ఒక్క ఆలోచన పట్టుకొచ్చి ఇంట్లో ఉన్నవాటితో చేసుకోగలిగేది మీరే.

## చూసేటప్పుడు చేతిలో కాగితం

ఏ రకమైనా నేను వంట మొత్తం రాసుకోవడం మానేశాను. కాగితాన్ని మూడు గడులు చేసి, ఇంట్లో ఉన్నవి, బదులు వేయగలిగినవి, కొనాల్సినవి అని విడగొడతాను. మూడో గడిలో రెండుకంటే ఎక్కువ పడితే ఆ వంటను ఆపేసి, అందులోని పద్ధతిని మాత్రం రాసుకుంటాను. ఆ రెంటిలోనూ ఒక్కోదానికి వారంలో మరో రెండు వాడకాలు తోచకపోతే కొనను. బదులు వేసేటప్పుడు ఆ సరుకు ఆ వంటలో చేసే పని చూస్తాను: పులుపా, కొవ్వా, చిక్కదనమా, వాసనా. పులుపుకు నిమ్మరసం లేకపోతే వెనిగర్ ఆ పని చేస్తుంది, చిక్కదనానికి మీగడ లేకపోతే ఉడికించి మెదిపిన బంగాళాదుంప చేస్తుంది. వాసన కోసం వేసేదానికే బదులు దొరకడం కష్టం. అది లేకుండా ఒకసారి వండి చూసి, నిజంగా లోటనిపిస్తే అప్పుడే, దొరికేవాటిలో అతిచిన్న పొట్లం తెచ్చుకుంటాను.